క్లచ్ పెడల్ కిందికి దిగిపోతోందా? ప్లేటు మార్చేముందు సిలిండర్ చూడండి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ మెట్రోలో మూడో స్టేషనే. అదే దూరం సాయంత్రం పూట కింద రోడ్డు మీద కారులో వెళితే క్లచ్ ఎన్నిసార్లు తొక్కాలో లెక్కే ఉండదు. ఒకరోజు తొక్కిన పెడల్ పైకి రాదు, గేరు పడదు, వెనక హారన్లు మొదలవుతాయి. చాలామంది వెంటనే 'క్లచ్ ప్లేటు పోయింది' అనుకుని వేలల్లో ఖర్చుకు సిద్ధపడతారు. పోయింది సిలిండర్ కావచ్చు.

ఆల్టో లాంటి చిన్న కార్లలో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. వాటికి ఈ గొడవ లేదు. ఇన్నోవా లాంటి బండ్లలో మాత్రం పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్ ఉంటాయి. మెకానిక్‌లు అప్పర్, లోయర్ అంటారు. పెడల్ తొక్కితే అప్పర్‌లోని పిస్టన్ ఆయిల్‌ను పైపులోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి లోయర్ కదిలి క్లచ్‌ను విడదీస్తుంది. ఒత్తిడి నిలిచేది పిస్టన్ చుట్టూ ఉండే చిన్న రబ్బరు వాషర్ల వల్లే. తొక్కిన ప్రతిసారీ అవి సిలిండర్ గోడకు రాసుకుంటాయి.

అయితే వాటిని ముందుగా చంపేది ట్రాఫిక్ ఒక్కటే కాదు, పాత ఆయిల్. ఇందులో వాడేది బ్రేక్ ఆయిలే, డాట్ 3 లేదా డాట్ 4. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీటితో ఇనుప సిలిండర్ లోపల తుప్పు పట్టి గుంటలు పడతాయి. ఆ గరుకు రబ్బరును కోసేస్తుంది. ఇంజిన్ ఆయిల్ పోశారంటే ఇంకా ఘోరం, రబ్బరు ఉబ్బిపోతుంది. అందుకే లోపల గుంటలు పడ్డ సిలిండర్‌కు కొత్త కిట్ వేసినా కొద్ది రోజులకే మళ్లీ కారుతుంది. సిలిండరే మార్చాలి.

తేడా పట్టడం కష్టం కాదు. ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగి బండి మాత్రం లాగకపోతే అనుమానం ప్లేటు మీద. సిగ్నల్ దగ్గర గేరు పడకుండా, పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పడిందంటే సిలిండర్ మీద. పెడల్ కింద కార్పెట్ తడిగా ఉందా, డబ్బాలో ఆయిల్ తగ్గిందా, నల్లబడిందా చూడాలి. ఏమీ కారకున్నా వాషర్ లోలోపలే వదిలేస్తూ ఉండొచ్చు. లైన్‌లో గాలి చేరినా ఇదే లక్షణం. అప్పుడు ఎయిర్ తీయిస్తే చాలు.

కొన్ని బండ్లలో బ్రేకుకు, క్లచ్‌కు ఆయిల్ డబ్బా ఒక్కటే. అందులో లెవెల్ పడిపోతుంటే పిల్లాపాపలతో విజయవాడ హైవే ఎక్కొద్దు, ముందు గ్యారేజీకే. ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో చెప్పిన గడువుకు, మామూలుగా రెండేళ్లకోసారి, పూర్తిగా మార్పించాలి. తగ్గినప్పుడల్లా పైన పోయించడం మార్చినట్టు కాదు.

స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉండే కార్లూ ఉన్నాయి. అది మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాల్సిందే. అలాంటి బండికి ప్లేటు వేయిస్తున్నప్పుడే సిలిండర్ కూడా వేయించుకుంటే అదే లేబర్ రెండోసారి కట్టే పని ఉండదు.