నీళ్లమీద తేలే తీపి ఉండలు



వినాయక చవితికి ఉండ్రాళ్లు, సంక్రాంతికి అరిసెలు లేకపోతే మన ఇళ్లలో పండుగ జరిగినట్టే అనిపించదు గదా! బియ్యం, బెల్లం, కొబ్బరి ఉంటే చాలు, మన అమ్మమ్మలు పది రకాల పిండివంటలు చేసి చూపేవారు. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, బర్మా మొదలుకొని ఫిలిప్పీన్స్ దాకా ఉన్న దేశాల స్త్రీలు కూడా తరతరాలుగా ఈ మూడింటితోనే పండుగలు గడుపుకొస్తున్నారు. అయితే వారి బియ్యం మాత్రం వేరు.

దానిని జిగురు బియ్యం అందాం. వండితే మెతుకు మెతుకూ విడదు, ముద్దకు ముద్ద అతుక్కుంటుంది. బియ్యంలోని పిండిపదార్థం రెండు రకాలు: అమైలోజ్, అమైలోపెక్టిన్. జిగురు బియ్యంలో మొదటిది దాదాపు ఉండదు; ఆ జిగటంతా రెండవదాని చలవే. గోధుమలో ఉండే గ్లూటెన్‌కూ దీనికీ సంబంధం లేదు. ఏ కాలంలోనో పైరులో సహజంగా వచ్చిన చిన్న మార్పును అక్కడి రైతుకుటుంబాలు కనిపెట్టి, ఆ గింజనే ఏరి విత్తనానికి దాచుకున్నాయి. ఈ మార్పు ఒక్కసారే, బహుశా ఆగ్నేయాసియాలోనే వచ్చి ఉంటుందని 2002లో ప్రచురితమైన ఒక జన్యుపరిశోధన తేల్చింది. అంటే ఈ రుచి వెనుక పేరు తెలియని ఎందరో రైతుల, గృహిణుల ఎంపిక ఉన్నదన్నమాట.

లావోస్‌లో ఈ బియ్యాన్ని రాత్రి నానబెట్టి, వెదురుబుట్టలో ఆవిరిమీద ఉడికించి రోజూ భోజనానికే తింటారు. థాయిలాండ్‌లో కొబ్బరిపాలు, పంచదార కలిపి మామిడిపండు ముక్కలతో వడ్డిస్తారు. జావాలో బెల్లం ముక్కను పొదిగి, పైన కొబ్బరికోరు అద్దిన పచ్చని ఉండలు ‘క్లెపాన్’. ఫిలిప్పీన్స్‌లో ‘పలితావ్’ అనే బిళ్లలున్నాయి; మరిగే నీళ్లలోంచి పైకి తేలుతాయి గనుక వాటికి ఆ పేరు.

ఇక బర్మా సంగతి మనకు మరీ దగ్గరిది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల చేతికి చిక్కాక ఐరావతీ డెల్టా అంతా వరిపొలాలయింది. ఆ ధాన్యం ఆడించే మిల్లులకు, బియ్యం బస్తాలు ఓడలకెత్తే రేవులకు గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది కూలీలు వెళ్లారు. కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దరిమిలా బర్మీయులకూ తెలుగువారికీ మధ్య అల్లర్లు చెలరేగి చాలామంది ప్రాణాలు పోయాయి. తిరిగి 1942లో జపాను సేనలు వస్తుంటే లక్షలాది భారతీయులు అడవులగుండా, కొండలగుండా కాలినడకన స్వదేశం చేరారు. దారిలో రాలిపోయినవారు ఎందరో! ఒకే బియ్యం ఇద్దరికీ అన్నం పెట్టింది. ఆ బియ్యం బస్తాల దగ్గరే ఇద్దరూ కొట్టుకోవలసి వచ్చింది. చరిత్ర అంటే రాజుల యుద్ధాలే కాదు, ఇది కూడాను.

అదే బర్మాలో ఏప్రిల్ మధ్యలో వచ్చే కొత్త సంవత్సరం పండుగ తింజాన్. ఆనాడు ఇరుగుపొరుగు ఒకచోట చేరి, ‘మొ లోన్ యే బా’ చేసి, దారినపోయే వారందరికీ ఊరికే పంచిపెడతారు. నీళ్లమీద తేలే గుండ్రని వంట అని ఆ పేరుకు అర్థం. బెల్లానికి బదులు మిరపకాయ పెట్టిన ఉండ ఒకటి రెండు కలిపి, అది ఎవరికి తగులుతుందో చూసి నవ్వుకోవడం కూడా ఆచారమే సుమండీ!

ఇంట్లో చేసుకోవడం ఏమంత కష్టం కాదు. జిగురు బియ్యప్పిండి రెండు కప్పులు, మామూలు బియ్యప్పిండి అరకప్పు, చిటికెడు ఉప్పు కలపండి. ఒక కప్పు గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి కొంచెం కొంచెం చేరుస్తూ చపాతీపిండికన్నా మెత్తగా కలుపుకోండి. తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. ఉసిరికాయంత ముద్ద తీసుకుని, నడుమ శనగగింజంత తాటిబెల్లం ముక్క పెట్టి, పగుళ్లు లేకుండా గుండ్రంగా చేయండి. పగులుంటే బెల్లమంతా నీళ్లపాలే! వెడల్పు గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా కొద్దికొద్దిగా వదలండి. మొదట అడుగుకు పోతాయి. ఉడికినకొద్దీ పైకి తేలుతాయి. తేలాక ఒకటి రెండు నిమిషాలుంచి చిల్లుల గరిటెతో తీసి, పచ్చికొబ్బరి కోరు చల్లండి. లోపలి బెల్లం కాగి ఉంటుంది గనుక చల్లారనివ్వండి. సాగే పదార్థం కనుక గొంతుకు అడ్డం పడవచ్చు. పసిపిల్లలకు పెట్టకండి, వృద్ధులకు చిన్నచిన్న ముక్కలు చేసి దగ్గరుండి తినిపించండి.

మన బియ్యప్పిండితో ఇవి రావు, విరిగిపోతాయి. జిగురు బియ్యం కోసం విదేశాలకు పోనక్కరలేదు. అస్సాంలో ‘బోరా’ బియ్యం, మణిపూర్‌లో ‘చాక్ హావో’ అనే నల్లబియ్యం ఆ జాతివే. బియ్యం దొరికితే రాత్రంతా నానబెట్టి, నీడన ఆరబెట్టి, కొంచెం తడి ఉండగానే మరపట్టించండి.

కష్టపడి వెళ్లిన మనవారు, కష్టపడి తిరిగివచ్చిన మనవారు ఏ ఊళ్లో ఉన్నా, వారి ఇళ్లలో పెద్దలుంటే రంగం కబుర్లు అడిగి తెలుసుకోండి. పుస్తకాలకెక్కని చరిత్ర చాలావరకు వంటింటి గడప దగ్గరే నిలిచి ఉంటుంది. అడిగేవారుంటేనే అది రేపటి పిల్లలకు అందుతుంది. ఈసారి ఇంట నలుగురూ చేరినప్పుడు ఈ ఉండలు చేసి, పక్కింటివారికి కూడా ఒక గిన్నెడు పంపండి. మిరపకాయ ఉండ పెట్టాలో వద్దో మీ ఇష్టం!