టాలెమీ పటంలో కృష్ణా డెల్టా: చూడని దేశానికి పటం గీయడం

1. పరిచయం

కథలోని ఊహాలోకానికి పటం గీసే రచయిత నదిని, తీరాన్ని, పట్టణాన్ని తనకు నచ్చిన చోట పెట్టుకోవచ్చు. చూడని దేశానికి పటం తయారుచేసే భూగోళవేత్తకు ఆ స్వేచ్ఛ లేదు. అయినా సమాచారం లేని చోట అతడూ ఊహించక తప్పదు. క్రీ.శ. 150 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉండి టాలెమీ రాసిన 'జాగ్రఫీ' గ్రంథంలో మన కృష్ణా డెల్టా ఈ విధంగానే చేరింది. అతడు భారతదేశానికి వచ్చినట్లు ఆధారాలు లేవు. మరి ఆ గ్రంథాన్ని మన ప్రాంత చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చా? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందుగా ఆ పటం ఎలా తయారైందో మీరు తెలుసుకోవాలి.

2. పటం తయారైన విధానం

టాలెమీకి ముఖ్య ఆధారం తనకు ముందు టైర్ నగరానికి చెందిన మారినస్ చేసిన కృషి. దానికి నావికులు, వర్తకులు చెప్పిన ప్రయాణ వివరాలు తోడయ్యాయి. వర్తకులు గొప్ప కోసం దూరాలను పెంచి చెబుతారని మారినస్ అన్నట్లు టాలెమీయే పేర్కొన్నాడు. తెలిసిన ప్రపంచం పొడవు 225 డిగ్రీలని మారినస్ లెక్కకట్టగా, టాలెమీ దానిని సుమారు 180 డిగ్రీలకు తగ్గించాడు. ఇది నేలను కొలిచి చేసిన సవరణ కాదు, విన్న మాటలను తూచి తీసుకున్న నిర్ణయం. ఆ తరువాత సుమారు 8,000 స్థలాలకు అక్షాంశ, రేఖాంశాలను కేటాయించాడు. ఆ అంకెల సాయంతో ఎవరైనా పటాన్ని మళ్ళీ గీయవచ్చు.

3. పటంలోని లోపాలు

ఈ పటంలో భారత ద్వీపకల్పం దక్షిణానికి చొచ్చుకురాదు. తీరం దాదాపు పడమర నుండి తూర్పుకు సాగిపోతుంది. శ్రీలంక అసలు పరిమాణం కంటే ఎన్నో రెట్లు పెద్దది. దక్షిణాన ఆఫ్రికాను, ఆసియాను కలుపుతూ ఒక అజ్ఞాత భూభాగం ఉండి, హిందూ మహాసముద్రం నాలుగు వైపులా మూసుకుపోయి కనిపిస్తుంది.

4. నిలిచిన పేర్లు

అయితే మన తీరంలో టాలెమీ మైసోలియా అనే ప్రాంతాన్ని, మైసోలస్ నదిని, కొంటకొస్సిల, కొడ్డూర వంటి పట్టణాలను పేర్కొన్నాడు. సువర్ణభూమికి వెళ్ళే ఓడలు తీరాన్ని వదిలే స్థలం కూడా ఇక్కడే ఉందన్నాడు. అంతకు ముందే, క్రీ.శ. 1వ శతాబ్దపు పెరిప్లస్ గ్రంథం మసాలియాలో నూలు వస్త్రాలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది.

కృష్ణా జిల్లా ఘంటసాలలోని ప్రాకృత శాసనంలో 'కంటకసోల' అనే పేరు ఉంది. నాగార్జునకొండ శాసనం కూడా కంటకసేలలోని మహాచైత్యాన్ని ప్రస్తావిస్తుంది. వర్తకుల నోట అలెగ్జాండ్రియా చేరిన పేరు, ఇక్కడి రాతిపై చెక్కిన పేరు ఒకటేనని పండితులు గుర్తించారు. నేడు ఘంటసాల సముద్రానికి దూరంగా ఉంది. ఒండ్రుమట్టి చేరి డెల్టా తీరం ముందుకు జరుగుతూ వచ్చిందని ఇక్కడ మీరు గుర్తుంచుకోవాలి.

5. పటాన్ని చదవవలసిన పద్ధతి

ఇలాంటి పటంలో మూడు పొరలు ఉంటాయి: విన్నవి, లెక్కకట్టినవి, ఊహించినవి. పేర్లు మొదటి పొరకు, స్థానాలు రెండవ పొరకు, అజ్ఞాత భూభాగం మూడవ పొరకు చెందుతాయి. మైసోలస్ కృష్ణానదే అని కొందరు, గోదావరి అని మరికొందరు భావించడానికి కారణం రెండవ పొరలోని అనిశ్చితి. కనుక స్థానం తప్పయినంత మాత్రాన పేరును తోసిపుచ్చకూడదు. పేరు నిజమైనంత మాత్రాన స్థానాన్ని నమ్మకూడదు. శాసనంతో, తవ్వకాలతో సరిచూసిన తరువాతే నిర్ణయానికి రావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మారినస్ లెక్కను టాలెమీ ఎందుకు సవరించాడు?
2. ఘంటసాలను కొంటకొస్సిలగా గుర్తించడానికి గల ఆధారాలను వివరించండి.