యువ క్రీడాకారులు, మానసిక చికిత్స: గోప్యత ప్రశ్న

యువ క్రీడాకారులు మానసిక చికిత్సకు వెనుకాడితే, అవగాహన లేకపోవడమే కారణమని సాధారణంగా అంటారు. అది సగం నిజమే. తమ మాట ఎవరి చెవిన పడుతుందోనన్న భయం అంతకంటే బలమైనదని ఈ వ్యాసం వాదన.

క్రీడా మనస్తత్వ నిపుణుల సంప్రదింపుపై క్రీడాకారుల వైఖరిని కొలవడానికి స్కాట్ మార్టిన్ బృందం 2002లో సవరించిన ప్రశ్నావళి నాలుగు అంశాలను చూస్తుంది: నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు, సంప్రదింపుపై నమ్మకం, మనసు విప్పే స్వభావం, తన సంస్కృతికి చెందినవారే కావాలన్న కోరిక. 2012లో అమీలియా గలివర్ తదితరులు ఆస్ట్రేలియాలో 16 నుంచి 23 ఏళ్ల మేటి క్రీడాకారులు 15 మందితో చర్చించినప్పుడు కూడా మొదటి అడ్డంకిగా తేలింది ఆ జంకే. నాకు మరింత విలువైనదిగా తోచేది అదే అధ్యయనంలోని రెండో సగం. నిపుణుడితో ముందునుంచీ పరిచయం, చుట్టూ ఉన్నవాళ్ల, ముఖ్యంగా కోచ్ సానుకూలత ఉంటే సాయం అడగడం తేలికవుతుందని ఆ యువతే చెప్పింది. కోచ్ మాటకు రెండువైపులా పదునుందన్నమాట.

బయటికి చెప్పుకున్నవారూ లేకపోలేదు. 2025 అక్టోబర్ 30న నవీ ముంబయిలో, మహిళల క్రికెట్ ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియాపై 127 పరుగులతో అజేయంగా నిలిచిన జెమీమా రోడ్రిగ్స్, టోర్నీ మొదట్లో ఆందోళనతో సతమతమయ్యానని, అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేదాన్నని విలేకరుల ముందు కన్నీళ్లతో చెప్పారు. మధ్యలో ఒక మ్యాచ్‌కు ఆమెను పక్కన పెట్టారు కూడా. ఆమె మాటలు ఎందరికో ధైర్యమిచ్చేవే. అయినా అవి గెలిచాక వచ్చిన మాటలు. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో మానసిక ఆరోగ్యం కోసం విలేకరుల సమావేశానికి రానన్న నవోమి ఒసాకాకు 15,000 డాలర్ల జరిమానా పడింది. ఆమె టోర్నీ నుంచే తప్పుకున్నారు. ఇంకా జట్టులోకే రాని పదిహేనేళ్ల పిల్లవాడు ఈ రెండింటిలో దేన్ని గుర్తుపెట్టుకుంటాడు?

ఆట మెరుగుపడటానికి మానసిక శిక్షణ అంటే అంత జంకు ఉండదు. చెన్నై తెలుగు కుటుంబంలో పుట్టి, 2024 డిసెంబర్‌లో 18 ఏళ్లకే ప్రపంచ చదరంగ చాంపియన్ అయిన గుకేశ్ వెనుక మానసిక శిక్షకుడు ప్యాడీ ఆప్టన్ ఉన్నారని అందరూ మెచ్చుకున్నారు. నిద్ర పట్టడం లేదని, బతుకు మీద ఆసక్తి పోతోందని చెప్పడం వేరు. హకీంపేట, పుట్లంపల్లి క్రీడా పాఠశాలల్లాంటి వసతి వ్యవస్థల్లో పిల్లలు ఇంటికి దూరంగా పెరుగుతారు. అలాంటి చోట పొద్దున్నే పరుగెత్తించే మనిషే జట్టు ఎంపికలో మాట చెల్లేవాడు కూడా అయితే, మడమకు టేపు చుట్టించుకుని అందరి ముందూ నడిచే పిల్లవాడు నిద్రలేమి సంగతి మాత్రం మింగేస్తాడు. మడమ ఎన్నాళ్లకు మానుతుందో ఫిజియో చెబుతాడు. ‘మెంటల్లీ వీక్’ అన్న ముద్ర ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పరు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కు చేసింది. సమాచారం ఇవ్వదగినవారి జాబితాలో మైనర్ తరఫు సంరక్షకుడికి చోటుంది గాని, కోచ్ పేరుగాని, సెలక్టర్ పేరుగాని లేదు. మన క్రీడా హాస్టళ్లలో సర్వే చేసేవారు ‘థెరపీకి వెళ్తావా?’ అని ఒక్క ప్రశ్నతో ఊరుకోకూడదు. కోచ్‌కు తెలిస్తే వెళ్తావా, తెలియకపోతే వెళ్తావా అని విడివిడిగా అడగాలి. ఆ రెండు జవాబుల మధ్య తేడా పెద్దదిగా వస్తే, అవగాహన సదస్సులకంటే ముందు కౌన్సెలర్‌ను జట్టు ఎంపికతో సంబంధం లేని అధికారి కిందికి మార్చాలి.