రైలు వెళ్లిపోయిన దారిలో సైకిల్

ఫ్రాన్సులో ద్రాక్షతోటల నడుమ తీరిగ్గా సైకిల్ తొక్కుతూ, ఊరికో చోట ఆగి వైన్ రుచి చూస్తూ సాగే యాత్రలకు ఇవాళ ఎక్కడెక్కడి నుంచో జనం వెళుతున్నారు. ఈ సరదాకు మూలపురుషుడెవరని వెతుక్కుంటూ పోతే చివరికి దొరికేది ఒక శాకాహారి. సైకిల్ మీద ఉన్నంతసేపూ వైన్, మాంసం, పొగాకు ముట్టొద్దని శిష్యులకు నియమం పెట్టిన మనిషి. అసలు పేరు పాల్ ద వివీ. లోకానికి తెలిసింది మాత్రం వెలోసియో అన్న కలంపేరుతోనే.

1853లో దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అనే ఊళ్లో పుట్టాడు. సాంతెతియెన్ పట్నంలో పట్టు వ్యాపారం చేసేవాడు. ముప్పై ఏళ్లకు కాస్త ముందు సైకిల్ పిచ్చి పట్టుకుంది. 1887లో ఒక సైకిల్ దుకాణం తెరిచాడు, ఒక పత్రికా పెట్టాడు. ఆ పత్రికకే తర్వాత ‘లె సిక్లిస్ట్’ అని పేరు స్థిరపడింది. సాంతెతియెన్ చుట్టూ ఎటు చూసినా కొండలే. ఆనాటి సైకిళ్లకు ఒకటే గేరు. పాలక్యాన్లు కట్టుకుని తిరిగే మన పాత సైకిళ్లు తొక్కినవాళ్లకు దాని సంగతి చెప్పనక్కర్లేదు. ఎత్తు రాగానే దిగి తోసుకుంటూ పోవాల్సిందే. వెలోసియోకు అది నచ్చలేదు. చదునుకు ఒక పళ్లచక్రం, ఎత్తుకు ఇంకొకటి బిగించి, గొలుసును చేత్తో ఒకదాని మీంచి మరోదాని మీదికి మార్చుకుంటూ కొండలెక్కాడు. తర్వాత ఆ పని చేసే మరలు వచ్చాయి. గొలుసును పక్కకు తోసే ఆ మరకు ఫ్రెంచివాళ్లు పెట్టుకున్న పేరు ‘దెరైయ్యర్’. అక్షరాలా చెప్పాలంటే పట్టాలు తప్పించేది అని.

ఇవాళ ఇంతమంది నడివయసువాళ్లు కొండవాలు తోటల్లో హాయిగా తిరగగలుగుతున్నారంటే కారణం ఆ మరే. అది మాత్రం గొడవ పడకుండా రాలేదు. 1902లో ఫ్రాన్స్ టూరింగ్ క్లబ్ పిరనీస్ కొండల్లో సైకిళ్లకు పరీక్ష పెట్టింది. మూడు గేర్ల సైకిల్ మీద మార్త్ ఎస్ అనే మహిళ ఎక్కడా కాలు కింద పెట్టకుండా కొండలు దాటిందని చెబుతారు. ఆ మరుసటి ఏడాది టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టబోయే పత్రికా సంపాదకుడు ఆంరీ దెగ్రాంజ్‌కు ఇదంతా గిట్టలేదు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్లకు పనికొస్తాయి గానీ మగటిమి గల పందెగాళ్లకెందుకు అన్నట్టు రాసేశాడు. అన్నమాట మీద గట్టిగా నిలబడ్డాడు కూడా. టూర్‌లో పేరున్న పోటీదారులు 1937 దాకా కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, ఎత్తుకు పనికొచ్చే పళ్లచక్రం గొలుసు వైపు వచ్చేలా తిరగేసి బిగించుకుని మళ్లీ ఎక్కేవాళ్లు. పత్రికా సంపాదకుల పంతాలకు పందెగాళ్లు చెల్లించుకున్న మూల్యం అది.

వెలోసియో నియమాల్లో మిగిలినవి ఇప్పటికీ పనికొచ్చేవే. ఆకలి కాకముందే తినాలి, దాహం కాకముందే తాగాలి. చలి పుట్టకముందే కోటు తొడుక్కోవాలి. అలసిపోయేదాకా తొక్కకూడదు. ఎవరికో చూపించుకోవడానికి అసలే తొక్కకూడదు. 1930లో ఆయన సాంతెతియెన్ వీధిలో సైకిల్ నడిపించుకుంటూ దాటుతుండగా ట్రామ్ తగిలి పోయాడు. వేల కిలోమీటర్ల కొండదారులు ఏమీ చేయలేని మనిషిని పట్టాల మీద బండి తీసుకుపోయింది.

ఇక తోటల సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలు చూసినవాళ్ల కళ్లకు పందిళ్లు, వాటి కింద నీడ, తలకు తగిలే గుత్తులు మెదులుతాయి. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో అలాంటిదేమీ ఉండదు. తీగ నడుము ఎత్తు దాటదు. వరుసకూ వరుసకూ మధ్య ఒక్క మీటరు. హెక్టారుకు దాదాపు పదివేల మొక్కలు. సైకిల్ మీద కూర్చున్న మనిషికి ఆ తలల మీదుగా లోయంతా కనిపిస్తుంది. దువ్వెనతో తీసినట్టుండే ఆ వరుసలు అనాదిగా ఉన్నవనుకుంటాం. కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా బర్గండీ తోటల్లో తీగలు గుంపుగా, అడ్డదిడ్డంగా ఉండేవి. పాత కొమ్మను మట్టిలోకి వంచి కొత్త మొక్క చేసుకునేవాళ్లు. 1878లో మెర్సో గ్రామంలో ఫిలోక్సెరా పురుగు కనబడింది. అమెరికా నుంచి మొక్కలతో పాటు ఓడ దిగిన పురుగది. వేళ్లు పీల్చి తోటలకు తోటలనే చంపింది. చివరికి అమెరికా వేరు మీద ఫ్రెంచి తీగను అంటుకట్టడం ఒక్కటే మందయింది. అంటుమొక్కలు వచ్చాక వరుసలు వచ్చాయి, వరుసల మధ్య గుర్రపు నాగలి వచ్చింది. పురుగు తిన్న చోట గీసిన గీతలే ఈనాటి ఫొటోల్లో అందంగా పడుతున్నాయి.   

బర్గండీలోనే బోన్ పట్నం నుంచి సాంతనే దాకా తోటల్లోంచి పోయే సైకిల్ దారి సుమారు 22 కిలోమీటర్లు. పొమ్మార్, వోల్నే, మెర్సో, పులిన్యీ-మోంరాషే మీదుగా సాగుతుంది. వైన్ సీసాల మీద చదివే పేర్లు ఇక్కడ ఊరి పొలిమేర బోర్డుల మీద కనిపిస్తాయి. ఊరికీ ఊరికీ మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లే, ఎందుకంటే తోటపనివాళ్లు నడిచి వెళ్లి నడిచి రావాల్సిన కాలంలో కట్టిన ఊళ్లవి. మంచి ద్రాక్ష పండేది గుట్ట నడుము మీద, ఊళ్లుండేది గుట్ట పాదం దగ్గర. దారి ఆ పాదాన్నే పట్టుకుని పోతుంది కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువ. పక్కన సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు. ఆ గోడలు విడదీసే మడులను అక్కడ ‘క్లిమా’లంటారు. అలాంటివి 1,247 లెక్కకట్టి 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. దారి మీద మొదటి హక్కు మాత్రం సైకిల్‌ది కాదు. వరుసకు అటో చక్రం ఇటో చక్రం వేసి, తీగల మీదుగా కాళ్లు చాపుకుని నడిచే ఎత్తైన ట్రాక్టరు ఎదురొస్తుంది. మనమే గట్టు మీదికి తప్పుకోవాలి. చుట్టపుచూపుగా వెళ్లిన పొలంలో దారివ్వమని అడగలేం కదా. రుచి చూసే చోట పుక్కిలించి ఉమ్మడానికి గిన్నె పెడతారు. మొదటిసారి వెళ్లినవాళ్లు మొహమాటపడి మింగేస్తారు. లీటరు రక్తంలో అర గ్రాము ఆల్కహాలు అన్న హద్దు అక్కడ సైకిల్ తొక్కేవాళ్లకూ వర్తిస్తుంది. వెలోసియో నియమంలో సగాన్ని చట్టమే తీసుకుంది.

సైకిలూ ఉంది, తోటలూ ఉన్నాయి. తీరికో? అది 1936లో వచ్చింది. లియోన్ బ్లూమ్ ప్రభుత్వం ఆ జూన్‌లో జీతంతో కూడిన రెండు వారాల సెలవును ఫ్రాన్సు కార్మికులందరికీ హక్కుగా ఇచ్చింది. వారానికి 40 గంటల పనినీ చట్టం చేసింది. క్రీడలు, వినోదాల బాధ్యత చూసిన లియో లగ్రాంజ్ చవక రైలు టికెట్లు పెట్టించాడు. ఆ వేసవిలో జీవితంలో మొదటిసారి ఊరు దాటిన కుటుంబాలెన్నో. కారు కొనగల తాహతు లేనివాళ్లు సైకిల్ ఎక్కారు. మొగుడూ పెళ్లాం ముందూ వెనకా కూర్చుని తొక్కే రెండు సీట్ల సైకిల్ ఆ కాలానికి గుర్తుగా మిగిలిపోయింది. ఇవాళ ఈ యాత్రలను డబ్బున్నవాళ్ల విలాసంగా అమ్ముతున్న కంపెనీల రంగు కాగితాలు చూస్తే నాకు సైకిల్ వెనక గుడారపు గుడ్డ కట్టుకుని వెళ్లిన ఆనాటి మిల్లు పనివాళ్లే గుర్తొస్తారు.

ఆ 1930ల్లోనే వైన్ అమ్ముడుపోక రైతులు తల పట్టుకున్నారు. జనాన్నే సీసా దగ్గరికి రప్పిద్దామన్న ఆలోచన అప్పటిది. జర్మనీలో 1935లో 85 కిలోమీటర్ల వైన్ దారిని ప్రకటించారు. ప్రకటించింది నాజీ నాయకుడు యోసెఫ్ బ్యుర్కెల్. సరుకు పేరుకుపోవడానికి ఒక కారణం యూదు వర్తకులను తరిమేయడమేనన్నది ఆ దారి బోర్డుల మీద రాయని సంగతి. 1937లో బర్గండీలో దిజోన్ నుంచి సాంతనే దాకా గొప్ప వైన్ల దారి వచ్చింది. రెండూ కారువాళ్లను ఉద్దేశించినవే. యుద్ధం తర్వాత కార్లు నిజంగానే వచ్చాయి, రోడ్లు నిండాయి, సైకిల్ పక్కకు తప్పుకుంది.

ప్రశాంతత మళ్లీ దొరికింది రైళ్లు ఆగిపోయిన చోట. కార్లూ లారీలూ పెరిగాక పల్లె రైలుమార్గాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆవిరి ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి ఆ కట్టలన్నీ మెల్లగా లేచి మెల్లగా దిగేలా పోసినవి. పట్టాలు పీకేస్తే సైకిల్‌కు అంతకంటే మంచి దారి ఉండదు. దక్షిణ బర్గండీలో జివ్రీ నుంచి క్లునీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలుకట్టను 1997లో ఇలాగే తెరిచారు. దేశంలో మొదటి పచ్చదారిగా దాన్నే చెప్పుకుంటారు.

బోర్దో పక్కన ఇంకొకటుంది. గరోన్, దొర్దోన్ నదుల మధ్య తోటల్లోంచి, లా సోవ్ పాత మఠం శిథిలాల దగ్గరగా, సోవ్‌తేర్ ద గియెన్ దాకా యాభై కిలోమీటర్ల పైచిలుకు. దాని పేరు రోజే లపేబీ దారి. 1937 టూర్ విజేత ఆయన. గేర్లు మార్చే మరను దెగ్రాంజ్ పందెం ఒప్పుకున్న మొదటి ఏడాదే దానితో గెలిచాడు. ఆ పందెం మామూలుగా జరగలేదు. ఒక ఉదయం బయల్దేరబోతూ చూసుకుంటే హ్యాండిల్ రంపంతో కోసి ఉంది. బోర్దో దాకా, పందెంలో ముందున్నవాడు వేసుకునే పసుపు చొక్కా బెల్జియం వీరుడు సిల్వేర్ మాస్ ఒంటి మీదే ఉంది. లపేబీ దాటిపోగానే మాస్ ముందు రైల్వే గేటు పడిందనీ, కావాలనే వేశారనీ బెల్జియంవాళ్లు మండిపడ్డారు. జరిమానాలూ గుంపు అల్లరీ కలిసి, బోర్దోలోనే బెల్జియం జట్టు జట్టంతా పందెం వదిలి ఇంటిదారి పట్టింది.

లపేబీ 1996లో పోయాడు. ఆయన పేరున్న దారి మీద క్రెయోన్ అనే ఊరుంది. అక్కడి పాత రైల్వే స్టేషన్లో ఇప్పుడు సైకిళ్లు అద్దెకిస్తున్నారు.