కోయగూడెమున ఇరుగుపొరుగు

ఇల్లనగా నాలుగు గోడలు, ఒక కప్పు అని మనము తలచుచుందుము. పాల్వంచ అడవులు దాటి గోదావరి రేవు చేరి, భద్రాచలమునకు ఎగువను దిగువను గల కోయగూడెములను చూచినవారికి ఈ తలంపు చాలదని తోచును. అచట ఇల్లు గోడలతో ముగియదు. ఒక గుమ్మమునుండి పొరుగు గుమ్మమునకు పోవు కాలిబాటయు ఇంటిలో భాగమే. ఆ కాలిబాట కథను ఈ పూట మీకు విన్నవింప గోరెదను.

ముందుగా సీమ సంగతి. భద్రాచలమనగానే కంచర్ల గోపన్న జ్ఞప్తికి వచ్చును. పదునేడవ శతాబ్దమున, గోలకొండ ప్రభువగు తానీషా కాలమున, ఆయన పాల్వంచ పరగణాకు తహశీలుదారుగానుండి రామాలయమును కట్టించిన వృత్తాంతము ఎల్లరెరిగినదే. ఆ గుడి చుట్టునున్న అడవి కోయల నివాసము. వారు తమ్ము కోయతూరులని చెప్పుకొందురు. వారి భాష గోండీకి దగ్గరిది. 1860లో నిజాము ప్రభువు ఏటికి ఉత్తరముననున్న భద్రాచలము ప్రాంతమును ఇంగ్లీషువారికి వదలుకొనెను. 1874లో అది మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. దక్షిణపు టొడ్డుననున్న బూర్గంపాడు, పాల్వంచలు నిజాము రాజ్యముననే నిలిచెను. ఏరు రాజ్యములకు సరిహద్దయ్యెను గాని చుట్టరికములకు కాలేదు. కోయలలో గట్టులను వంశవిభాగములు కలవు. ఒకే గట్టువారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. పిల్లనిచ్చుటకును తెచ్చుకొనుటకును వేరొక గట్టునకు పోవలయును. కనుక వియ్యము వెదకుచు వాగు దాటుటయు, ఏరు దాటుటయు వారికి వింత గాదు. 1956లో రెండు ఒడ్డులును ఒకే రాష్ట్రమున చేరెను. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసెను.

ఇక గూడెపు కాపురము చూతము. వెదురు తడికెలల్లి మట్టి మెత్తిన గోడలు, తాటాకు లేక గడ్డి కప్పు, ముందొక అరుగు, ప్రక్కన పశువుల కొట్టము: పూర్వపు కోయ ఇల్లు ఇట్టిది. ఇపుడు పక్కా ఇండ్లును, చేతిపంపులును పెక్కుచోట్ల వచ్చినవి. అయినను ఒక అరుగుమీది పిలుపు మరియొక అరుగుమీద వినబడునంత దగ్గరగా బ్రతుకుట మారలేదు. వేసవిలో వాగు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని ఒకరి వెనుక ఒకరు ముంచుకొనుట పూర్వాచారము. నీరూరువరకు వేచియుండు ఆ కొంతసేపే ఆడువారికి సభ. ఎవరికి నెలలు నిండినవో, ఎవరింట గింజలు నిండుకొన్నవో అచటనే తెలియును. తల్లి అడవికి పోయినచో బిడ్డ పొరుగింటి అవ్వ ఒడిలో నుండును. ఒకరి ఇంటికి కప్పు వేయవలసినపుడు తక్కినవారు వచ్చి చేయి వేయుదురు. ఇంటివారు అంబలి పోయుదురు. రేపు వారి ఇంటి వంతు వచ్చినపుడు వీరు పోవుదురు. మన పల్లెలలో బదులుపని యనునది ఇదియే.

ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూవు రాలును. పశువులును ఎలుగుగొడ్లును తినివేయకమునుపే, తెల్లవారుజామున దానిని ఏరుకొనవలెను. అందుకై ఇంటిల్లిపాదియు బుట్టలతో బయలుదేరుదురు. ఏ చెట్టు ఏ ఇంటివారిదో ఆచారమే చెప్పును; కాగితముతో పనిలేదు. తొలకరికి ముందు విత్తనాల పండుగ వచ్చును. విజ్జ పండుమని వారందురు. ఇంటింటి విత్తనములును పూజారి ముందుంచి, భూమికి మ్రొక్కిన పిదపనే చేను విత్తుదురు. కొత్త పంటయు అట్లే. పండుగ కానిదే నోట బెట్టుకొనరు. ఇందొక నీతి కలదు. కలిగినవాడు ముందుగా తినుటయు, లేనివాడు చూచుచుండుటయు ఈ కట్టుబాటున పొసగవు.

అడవిలో అంతయు సుఖమే యని చెప్పుట కల్ల. మన్యపు జ్వరము ఎన్నియో ఇండ్లను గుల్లచేసెను. పొరుగువాడు దగ్గర, వైద్యుడు దూరము. బాట లేని గూడెములనుండి ప్రసవవేదన పడు స్త్రీని డోలీలో మోసికొనిపోవుట నేటికిని తప్పలేదు. బడియు, ఆసుపత్రియు గూడెమునకు రావలసినదే. అయితే ఆ డోలీ కట్టిన వెదురును భుజమున మోయువారెవరు? ఆ పొరుగువారే గదా!

ఇపుడు ఆ పొరుగునకే ఆపద వచ్చినది. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలము వద్ద 75.6 అడుగుల ఎత్తున పారెను. నీరు తీసిన పిదప జనులు మరలివచ్చి, కూలిన గోడలను మరల నిలుపుకొనిరి. పోలవరము జలాశయపు నీరు అట్లు తీసి పోవునది గాదు. ఆ కట్టడమువలన సుమారు లక్ష కుటుంబములు తరలవలసియున్నవి. వారిలో కోయలును కొండరెడ్లును పెక్కురు. 2014లో ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు మారెను. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచెను. చుట్టముల నడుమ మరల ఒక సరిహద్దు వెలసెను. కొన్ని గూడెములవారు ఇప్పటికే కొత్త కాలనీలకు తరలిరి.

ఇంటికి ఇల్లు లెక్కించి ఇచ్చుట సులభము. పొరుగునకు పొరుగు ఇచ్చుట ఎట్లు? ఈ ప్రశ్న శాసనకర్తలకును తట్టకపోలేదు. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టమున ఒక నిబంధన కలదు: షెడ్యూల్డు తెగల కుటుంబములను సాధ్యమైనంతవరకు అదే షెడ్యూల్డు ప్రాంతమున, ఒక్కచోటనే గుంపుగా నిలుపవలెను, అట్లయిననే వారి జాతి, భాష, సంస్కృతి నిలుచునని దాని తాత్పర్యము. సామూహిక కూటములకు భూమిని ఉచితముగా ఇయ్యవలెనని కూడ ఆ చట్టము చెప్పుచున్నది. వ్రాత బాగున్నది. దానిని ఆచరణలో పెట్టువారు వరుసలు గీయునపుడు ఎవరి ప్రక్కన ఎవరుండిరో అడిగి గీయవలెను. అవ్వ ఒక కాలనీలోను, ఆమె ఒడిలో పెరిగిన పొరుగుబిడ్డ వేరొక కాలనీలోను పడినచో చట్టము వ్రాతగానే మిగులును.

పెద్దలారా, మీ పొలిమేరలో అట్టి కాలనీ యొకటి వెలసినచో మీకును ఒక పని కలదు. వారి పశువులకు బీడు చూపుడు. మీ చెరువుగట్టుమీది బాట వారికిని విడువుడు. వారి విత్తనాల పండుగనాడు ఒకసారి పోయి కూర్చుండుడు. పొరుగు అనునది ఒకరు కట్టి యిచ్చునది గాదు. నడచి నడచి ఏర్పడు కాలిబాట వంటిది. మొదటి అడుగు వేయుటకు మనకు ఎవరి ఉత్తరువును అక్కరలేదు.