మితవ్యయం – ఇంటింటి చిన్న సంతోషాలు

1930 మార్చిలో నాటి మెదక్ జిల్లాలోని జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ప్రథమ సమావేశం జరిగింది. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షత వహించారు. తెలంగాణ ప్రజల విద్య, సాంఘిక స్థితిగతులు బహిరంగ చర్చకు వచ్చిన కాలమది. ఇంచుమించు ఆ రోజులలోనే, అనగా 1929–30లో, ఆర్థికవేత్త ఎస్. కేశవ అయ్యంగార్ హైదరాబాద్ సంస్థానంలోని గ్రామాల ఆర్థిక జీవితాన్ని విచారించారు. ఆ విచారణలో రైతుల రుణభారం ఒక ముఖ్యాంశం.

అప్పులకు మూలం కనుగొనటం కష్టం కాదు. పంట చేతికి వచ్చేది ఏడాదికి ఒకటి రెండు సార్లు. పొయ్యి వెలగవలసినది ప్రతి రోజూ. ఈ నడిమి ఎడమును పూడ్చినవాడు షావుకారు. అతడు పూడ్చినది వడ్డీతో. పెండ్లి, చావు, జబ్బు వచ్చినప్పుడు ఆ ఎడము అగాధమయ్యేది.

ఇటువంటి స్థితిలో పేదవానికి సాధారణంగా లభించే ఉపదేశం ఒక్కటే: చాయ్ మానుకో, పాన్ మానుకో, పిల్లవానికి మిఠాయి కొనడం మానుకో, డబ్బు దానంతట అదే మిగులుతుంది. ఈ ఉపదేశానికి ధర్మం పేరు కూడా జోడించటం కద్దు. కాని ఇస్లామీయ చరిత్రను పరిశీలిస్తే విషయం ఇంత సులభంగా లేదని తెలుస్తుంది.

అరబీలో వ్యయదోషాలకు వేర్వేరు పదాలున్నాయి. హద్దు మీరి ఖర్చు చేయటం ‘ఇస్రాఫ్’. తగని చోట వృథా చేయటం ‘తబ్జీర్’. ఖర్చు పెట్టవలసిన చోట చేయి బిగపట్టటం ‘తఖ్తీర్’. తెలుగులో మొదటి రెండింటినీ ‘దుబారా’ అనే ఒక్క మాటతో సరిపెడతాము. మూడవదానిని ‘పొదుపు’ అని పొరబడతాము. చిక్కంతా ఇక్కడే ఉంది. దివ్య ఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ సజ్జనుల గుణాలను చెబుతూ ఇస్రాఫ్‌ను, తఖ్తీర్‌ను ఒకే వాక్యంలో నిరాకరించి, రెంటి నడుమ నిలకడగా ఉండటాన్ని ప్రశంసించింది. పిసినారితనం పొదుపు కాదు. అదీ ఒక దోషమే.

దైవప్రవక్త (స) బనూ నజీర్ తోటల ఫలసాయం నుండి తమ కుటుంబానికి ఒక సంవత్సరపు ఆహారం నిలువ చేయించేవారని సహీహ్ బుఖారీలో ఉంది. రేపటికి దాచుకోవటం దైవంపై నమ్మకానికి విరుద్ధమనే వాదనకు ఇదే సమాధానం. రాత్రంతా నమాజులోనూ, పగలంతా ఉపవాసంలోనూ గడుపుతున్న హజ్రత్ అబూదర్దా (రజి)కు, శరీరానికీ ఇల్లాలికీ కూడా హక్కు ఉన్నదని హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) నచ్చజెప్పగా, ప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఇంటివారి సంతోషం హక్కుల పట్టికలోనిదే గాని దయాదాక్షిణ్యాల పట్టికలోనిది కాదు.

అయినా దీనికి ఎదురుగా ఒక ప్రసిద్ధ వృత్తాంతాన్ని చూపటం పరిపాటి. హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వర్తకులు. 632లో ఖలీఫా అయిన తరువాత బైతుల్ మాల్ నుండి వారికి భత్యం నిర్ణయించారు. ఒకసారి వారి సతీమణి తీపి పదార్థం తినాలని కోరగా చేతిలో పైకం లేదన్నారు. ఆమె రోజువారీ భత్యం నుండి కొద్ది కొద్దిగా మిగిల్చి కొంత కూడబెట్టింది. అప్పుడాయన ఆ పైకాన్ని బైతుల్ మాల్‌కు తిరిగి ఇచ్చి, అంత మేరకు తమ భత్యాన్ని తగ్గించుకున్నారని కథనం.

ఈ కథనం వినిపించి ఇల్లాలి కోరికను తప్పుపట్టేవారున్నారు. కాని జాగ్రత్తగా చదివితే ఇందులో తీపి నిషిద్ధమన్న మాట లేదు. ఉన్నది ప్రజాధనం విషయంలో పాలకుని భయభక్తి. తన చెమటోడ్చి సంపాదించిన కూలీకి ఈ కొలత పెట్టటం న్యాయం కాదు. ఆ ఇల్లాలి విధానమైతే నేటికీ ఆదర్శమే: ఆమె అప్పు చేయలేదు, ముందుగా కూడబెట్టింది.

మదాయిన్ గవర్నరుగా ఉన్నప్పటి హజ్రత్ సల్మాన్ (రజి) లెక్క ఇంకా స్పష్టం. ఒక దిర్హముకు ఖర్జూరపు ఆకు కొని, అల్లి, మూడు దిర్హములకు అమ్మేవారని రివాయతు. ఒకటి మరల ఆకుకు, ఒకటి ఇంటికి, ఒకటి దానానికి. పనికి పెట్టుబడి తరగలేదు, ఇంటివారు ఎండలేదు, బీదలు మరుగున పడలేదు.

ఈ సూత్రాన్ని సంఘటిత రూపంలో ఆచరించినవారు హైదరాబాద్ ముస్లింలు. 1902లో సయ్యద్ ఉమర్ ఖాద్రీ ‘ముఅయ్యిదుల్ ఇఖ్వాన్’ అనే సంస్థను నెలకొల్పి, చందాలతోను, ఖుర్బానీ చర్మాల విక్రయంతోను నిధి కూర్చి వడ్డీ లేని అప్పులు ఇప్పించారు. 1923లో నిజాం ప్రభుత్వంలోని ఒక శాఖ ఉద్యోగులు తమలో తాము వడ్డీ లేని పరస్పర సహాయ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి అంతర్జాతీయ ఖ్యాతి గడించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఈ ప్రయత్నాలను లోకానికి పరిచయం చేశారు. అదే విశ్వవిద్యాలయంలో మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ, అన్వర్ ఇక్బాల్ ఖురేషీ ఇస్లామీయ ఆర్థిక విధానంపై గ్రంథాలు వ్రాశారు.

ఇటువంటి సంఘాల ప్రాణం పెద్ద మొత్తాలలో లేదు, తప్పని చిన్న మొత్తాలలో ఉంది. సభ్యుడు నెలనెలా కొంత జమ చేస్తాడు, అవసరం వచ్చినవాడు తీసుకుంటాడు, కిస్తులుగా తీరుస్తాడు. ఎవరైనా పిల్లల నోరు కట్టి శక్తికి మించిన జమ రాయించుకుంటే నాలుగు నెలలకే చేతులెత్తేస్తాడు. తట్టుకోగలిగినంత జమయే ఏళ్ల తరబడి నిలుస్తుంది.

1948 సెప్టెంబరులో సంస్థానం అంతరించింది. 1949లో జాగీర్లు రద్దయినవి. జీతాలపైనా, జాగీర్ల రాబడిపైనా ఆధారపడిన అనేక ముస్లిం కుటుంబాలు ఒక్కసారిగా దిక్కుతోచని స్థితికి వచ్చినవి. నిలువ లేని దర్జా ఎంత బోలో అప్పుడు తెలిసింది. ఆ అనుభవం తరువాత 1966లో హైదరాబాదులో తూర్ బైతుల్ మాల్ ఏర్పడింది. దానికి కొంచెం ముందు, 1961లో దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్, 1963లో ఈజిప్టులోని మీత్ గమ్ర్ పట్టణంలో అహ్మద్ అన్నజ్జార్ స్థాపించిన పొదుపు బ్యాంకు వెలసినవి. అన్నింటి ధ్యేయమూ ఒక్కటే: వడ్డీ ఊసు లేకుండా చిన్నవాని పైసలను చిన్నవానికే అండగా నిలపటం.

ఇక జోగిపేట సంగతి. 1960లలో రామచంద్రపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, ఆ తరువాత పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వచ్చిన మీదట ఈ ప్రాంతంలో పంటకు బదులు నెల జీతం చూసిన ఇండ్లు పెరిగినవి. పాత ఎడము కొంత పూడింది. కొత్త ఎడము తెరుచుకుంది. నేడు షావుకారు గుమ్మం తొక్కనివాడు కూడా కిస్తులపై వస్తువు తెచ్చి, పెండ్లి విందుకు అప్పు చేసి, జీతం రాకముందే దానిని అమ్ముకుంటున్నాడు. అటువంటి ఇంటిని ముంచేది సాయంకాలపు చాయ్ కాదు, ఈదునాటి షీర్ ఖుర్మా కాదు, ఆడపిల్ల చేతి గాజులు కావు. ముంచేది నలుగురిలో గొప్ప కోసం ఒక్కరోజు చేసే ఖర్చు.

కనుక జీతం అందిన నాడే నాలుగు వాటాలు వేయటం శ్రేయస్కరం: ఇంటి అవసరం, రేపటి నిలువ, బీదల హక్కు, ఇంటివారి చిన్న ముచ్చట. నాలుగవది అన్నింటికంటే చిన్నదే కావచ్చు, కాని దానికి పేరు పెట్టి విడిగా తీయాలి. పేరు లేని ముచ్చట నిలువలో చేయి పెడుతుంది. పేరున్న ముచ్చట తన వాటాతో తృప్తి పడుతుంది. తొలి ఖలీఫా ఇంటి ఇల్లాలు ముందుగా కూడబెట్టి కోరుకున్నది అటువంటి ముచ్చటనే.