ఓల్గా తీరమున నొక బౌద్ధజాతి

1900వ సంవత్సరమున కలకత్తా రేవులో నొక వింత బాటసారి దిగెను. ముఖము మంగోలు జాతిది, మతము బౌద్ధము, అతడు రష్యా చక్రవర్తి ప్రజ. వెంట తెచ్చిన సరకు పారిస్ నగరమున చేయించిన లోహపు భిక్షాపాత్రలు. వానిని లాసా మఠములలోని భిక్షువులకు చేర్చుట యతని పని. పేరు ఓవ్షే నోర్జునోవ్. బ్రిటిషు అధికారులకు అతడు రష్యా గూఢచారిగా తోచెను. డార్జిలింగు ప్రాంతమున నతనిని నిర్బంధించి, తుదకు ఓడ యెక్కించి దేశము వెడలించిరి. అయినను పట్టు విడువక అతడు మరుసటి యేడు లాసా చేరెను. అతడు తీసిన ఛాయాచిత్రములు ఆ నగరమును బయటి ప్రపంచమునకు చూపిన తొలి చిత్రములలో నిలిచినవి.

ఐరోపా పొలిమేరలలో పుట్టినవానికి లాసా యాత్రపై నంతటి పట్టుదల యేల కలిగెను? ఆ ప్రశ్నకు సమాధానము అతని కల్మిక్కు జాతి చరిత్రలో నున్నది.

కల్మిక్కులు పశ్చిమ మంగోలులగు ఓయిరాతు తెగలవారు. తోర్గూతు నాయకుడు ఖో ఓర్లుక్ వెంట పశువుల మందలతో, ఉన్ని గుడారములతో పడమరకు సాగి, 1630 ప్రాంతమున ఓల్గానది దిగువ మైదానములకు చేరిరి. అచట రాజ్యమొకటి వెలసెను. 1672 నుండి 1724 వరకు దానిని పాలించిన అయూకా ఖానుతో చీనా చక్రవర్తియు రాయబారము నడిపెను. చుట్టును క్రైస్తవులు, మహమ్మదీయులు. నడుమ నీ బౌద్ధులు. వీరి గురుపీఠము వేల మైళ్ల దూరమున టిబెట్టులో నుండెను. 1648లో జయపండితుడను ఓయిరాతు భిక్షువు కూర్చిన ‘స్పష్టలిపి’ వీరికి అక్షరమయ్యెను. ‘జంగర్’ వీరగాథ వీరికి ఇతిహాసమయ్యెను. గాయకులు దానిని గుడారములలో పాడుచు తరతరములకు అందించిరి. 1908లో ఏలియన్ ఓవ్లా అను గాయకుని నోట విని పది కాండములను నోమ్తో ఓచిరోవ్ వ్రాసికొనెను.

ఈ జాతికి మొదటి పెనుదెబ్బ 1771లో తగిలెను. రష్యా ప్రభుత్వము ఖాను అధికారమును కుదించుచు, మేతభూములలో పరులకు తావిచ్చుచుండగా, ఉబాషీ ఖాను పూర్వుల దేశమునకు మరలిపోవ నిశ్చయించెను. ఆ చలికాలమున లక్షన్నరకు మించిన జనము బయలుదేరిరి. చలి, ఆకలి, దారిలో శత్రువుల దాడులు. చీనా సరిహద్దు చేరినవారు సగమునకు లోపే. ఓల్గాకు పడమటి గట్టున నున్నవారు, ఆ యేడు నది గడ్డకట్టనందున, దాటలేక నిలిచిపోయిరి. నేటి కల్మిక్కులు ముఖ్యముగా వారి సంతతియే. ఆ యేడే కాథరిన్ రాణి వారి రాజ్యమును రద్దు చేసెను.

రెండవ దెబ్బ అంతకంటె క్రూరమైనది. 1930ల దశకము ముగియునప్పటికి బౌద్ధాలయములు మూతపడినవి. 1943 డిసెంబరు 28న, శత్రువులగు జర్మనులకు తోడ్పడిరను నింద మోపి, స్టాలిన్ ప్రభుత్వము 90 వేలకు పైబడిన జనమును, పసిబిడ్డలతో సహా, రైలుపెట్టెల కెక్కించి సైబీరియాకు తరలించెను. ఎఱ్ఱసేనలో పోరాడుచున్న కల్మిక్కు సైనికులను సైతము పిదప వెనుకకు రప్పించిరి. వేలమంది మరణించిరి. కల్మికియా పేరు పటమునుండి తొలగెను. మరలివచ్చు అనుమతి 1957లో గాని లభింపలేదు.

పోయినవానిలో చాల భాగము తిరిగి వచ్చెను. 1958లో స్వయంపాలిత గణతంత్రము మరల ఏర్పడెను. 2005 డిసెంబరులో రాజధాని ఎలిస్తాలో బుద్ధుని మహాలయము తెరవబడెను. ఆ ఆలయము చుట్టును నాలందా సంప్రదాయమునకు చెందిన పదునేడుగురు ఆచార్యుల విగ్రహములు కలవు. వారిలో ఆచార్య నాగార్జునుడొకడు. కృష్ణాతీరమున నాగార్జునకొండ యెవరి పేరు మోయుచున్నదో, ఆ మహనీయుడు ఓల్గా మైదానమునను కొలువుతీరి యున్నాడు. కాలచక్రతంత్రమును బుద్ధుడు మొదట మన ధాన్యకటకముననే బోధించెనని ఈ సంప్రదాయపు విశ్వాసము. నోర్జునోవును వెడలగొట్టిన హిందూదేశమే తరువాత కల్మిక్కులకు విద్యాస్థానమయ్యెను. 1992 నుండి 2023 వరకు వారి ప్రధాన లామాగా నున్న తేలో తుల్కు అమెరికాలోని కల్మిక్కు కుటుంబమున జన్మించి, కర్ణాటకలోని ముండుగోడు నందలి ద్రెపుంగ్ గోమాంగ్ మఠమున చదివినవాడు.

తిరిగి రానిది మాత్ర మొక్కటి కలదు. అది భాష. పదుమూడేండ్ల ప్రవాసములో ఊరికి కొన్ని కుటుంబములుగా చెదరిన జనము, రష్యను బడులలో పెరిగిన పిల్లలు: ఈ రెండును కలిసి మాతృభాషను ఇంటినుండి తరిమినవి. నేడు కల్మిక్కు భాష అధికార భాషలలో నొకటి, బడులలో బోధింపబడుచున్నది. అయినను యునెస్కో దానిని ప్రమాదములో నున్న భాషల జాబితాలో చేర్చినది. ప్రభుత్వము తిరిగి ఇచ్చిన భూమిని జనము అందుకొనిరి. ధనముతో ఆలయమును కట్టిరి. తల్లి బిడ్డతో మాటలాడుట మానిన భాషను తెచ్చియిచ్చుట ప్రభుత్వమునకు గాని ధనమునకు గాని సాధ్యము కాలేదు.

కలకత్తాలో, ఖడ్గపూరులో తరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములను ఎవరును రైలుపెట్టెలలో నెట్టి పంపలేదు. వారు ఉద్యోగముల కొఱకు కోరి వచ్చినవారు. కల్మిక్కుల దుఃఖముతో వారి స్థితిని పోల్చుట తగదు. అయినను కల్మిక్కు చరిత్ర నేర్పిన పాఠము వారికిని చెల్లును. భాష బలవంతమున పోయినను, అలక్ష్యమున పోయినను, పోవు చోటు మాత్ర మొక్కటే: ఇంటి లోపల.